ఊలాంగ్ టీ: పూలు కలపరు, ఎసెన్స్ వేయరు.. మరి ఆ గుబాళింపు ఎక్కడిది? అసలు పరిమళాన్ని ఇలా పట్టేయండి

టీ అంటే మనకు పాలు, చక్కెర, కాస్త అల్లం, యాలకులు. ఘుమఘుమ అంతా మనం వేసే దినుసులదే. కానీ ఏమీ వేయకుండానే కప్పులోంచి మల్లెపూల వాసన, తేనె వాసన, పండిన పండు వాసన, వేయించిన పల్లీల వాసన వచ్చే టీ ఒకటుంది. అదే ఊలాంగ్. ఒకే ఆకు, ఒకే కప్పు.. మొదటిసారి నీళ్లు పోసినప్పుడు ఒక వాసన, మూడోసారి పోసినప్పుడు ఇంకో వాసన.

ఇప్పుడు మన సూపర్ మార్కెట్లలో, ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌లలో కూడా ఊలాంగ్ ప్యాకెట్లు కనిపిస్తున్నాయి. మామూలు టీ పొడి కంటే ధర చాలా ఎక్కువ. అంత డబ్బు పెట్టి కొన్నది ఆకు సొంత పరిమళమా? లేక పైన చల్లిన ఫ్లేవరా? ఇది తెలియాలంటే ముందు ఆ వాసన ఎలా పుడుతుందో తెలియాలి. పూర్తి వివరాలు ఇక్కడ చూద్దాం.

అసలు ఊలాంగ్ టీ అంటే ఏంటి?

గ్రీన్ టీ, బ్లాక్ టీ, ఊలాంగ్.. మూడూ ఒకే మొక్క ఆకులే. ఆ మొక్క శాస్త్రీయ నామం కామెల్లియా సైనెన్సిస్. తేడా అంతా ఆకు కోశాక ఏం చేస్తారన్న దాంట్లోనే ఉంది.

వంకాయ కోసి నీళ్లలో వేయకుండా వదిలేస్తే ఏమవుతుంది? కాసేపటికి ముక్కలు నల్లబడతాయి. టీ ఆకు నలిగినా అంతే. గాలి తగిలి రంగు మారుతుంది. దీన్నే ఆక్సిడేషన్ అంటారు. గ్రీన్ టీలో ఆకు కోసిన కొద్దిసేపటికే వేడి తగిలించి ఈ మార్పును ఆపేస్తారు. బ్లాక్ టీలో దాదాపు పూర్తిగా జరగనిస్తారు. ఊలాంగ్‌లో మధ్యలో ఆపుతారు.

ఈ 'మధ్య' చాలా పెద్దది. తైవాన్‌లో చేసే బావోజాంగ్ అనే రకంలో ఆక్సిడేషన్ సుమారు 10 నుంచి 15 శాతమే. అక్కడే తయారయ్యే ఓరియంటల్ బ్యూటీలో 60 శాతం దాటుతుంది. అందుకే ఒక ఊలాంగ్ లేత పసుపు రంగులో పచ్చిపూల వాసన వేస్తే, ఇంకొకటి ముదురు కాషాయ రంగులో తేనె వాసన వేస్తుంది.

చైనా భాషలో ఊలాంగ్ అంటే 'నల్ల డ్రాగన్' అని అర్థం. చైనాలోని ఫుజియాన్, గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రాలు, సముద్రానికి అవతల ఉన్న తైవాన్.. ఈ టీకి అసలు చిరునామాలు ఇవే.

ఆకుకు దెబ్బ తగిలితేనే పరిమళం!

టీ చెట్టు మీద ఉన్న పచ్చి ఆకును ముక్కు దగ్గర పెట్టుకుంటే పెద్దగా వాసన రాదు. నలిపితే పచ్చిగడ్డి వాసన వస్తుంది. మరి మల్లెల వాసన ఎక్కడి నుంచి వచ్చింది? ఆకును కోసిన తర్వాత, దాదాపు ఒక రాత్రంతా జరిగే పనిలోంచి వచ్చింది.

ఆ పని వరుసగా ఇలా సాగుతుంది.

కోత: గ్రీన్ టీకి లేత మొగ్గలు కోస్తారు. ఊలాంగ్‌కి ఎక్కువగా కాస్త ముదిరిన ఆకులే కావాలి. మొగ్గ విచ్చుకున్నాక రెండు మూడు ఆకుల కొమ్మను తుంచుతారు. ముదురు ఆకైతేనే తర్వాత జరిగే కుదుపులను తట్టుకుంటుంది.

ఎండలో వాడబెట్టడం: కోసిన ఆకును పలుచగా పరిచి, కాసేపు ఎండ తగలనిస్తారు. నీరు కొంత ఇంకి ఆకు మెత్తబడుతుంది. ఎండ మరీ ఎక్కువైతే ఆకు మాడుతుంది. వాన పడితే ఈ దశే సరిగా జరగదు. అందుకే టీ పండించే కొండల్లో కోత రోజున అందరి కళ్లూ ఆకాశం మీదే ఉంటాయి. ఆ రోజు వాతావరణం దెబ్బతీస్తే ఆ ఆకుకు పరిమళం తగ్గుతుంది, దాంతో ధర కూడా.

కుదపడం, ఆరబెట్టడం: ఊలాంగ్ పరిమళానికి గుండెకాయ ఈ దశే. వాడిన ఆకును పెద్ద వెదురు పళ్లేల్లో వేసి చేతులతో ఎగరేస్తారు, లేదా వెదురు డ్రమ్ముల్లో తిప్పుతారు. ఆకులు ఒకదానికొకటి తగిలి అంచులు నలుగుతాయి. తర్వాత గంటో రెండు గంటలో కదపకుండా వదిలేస్తారు. మళ్లీ కుదుపుతారు. మళ్లీ వదిలేస్తారు. ఇలా నాలుగైదు సార్లు, రాత్రంతా. నలిగిన అంచు ఎర్రబడుతుంది, మధ్య భాగం పచ్చగానే ఉంటుంది. టీ తాగేశాక నానిన ఆకును విప్పి చూస్తే కొన్ని రకాల్లో ఆ ఎర్ర అంచు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇక్కడే అసలు విషయం ఉంది. చెట్టు నుంచి కోసినా ఆకు వెంటనే చచ్చిపోదు. దానిలోని కణాలు ఇంకా పనిచేస్తూనే ఉంటాయి. దెబ్బ తగిలిన ప్రతిసారీ ఆకు దాన్ని దాడిగానే భావించి, రక్షణ కోసం కొన్ని వాసన పదార్థాలను తయారు చేస్తుంది. చెట్టుకు అది ఆత్మరక్షణ. మనకు అదే పూల పరిమళం.

మంట మీద ఆపడం: తెల్లవారేసరికి పచ్చివాసన పోయి పూలవాసన వస్తుంది. ఆ క్షణం ఎప్పుడన్నది తయారీదారు ముక్కే చెప్పాలి. వెంటనే ఆకును బాగా వేడెక్కిన పెనంలోనో డ్రమ్ములోనో వేస్తారు. మార్పు అక్కడితో ఆగిపోతుంది. ముందే ఆపితే గడ్డివాసన మిగులుతుంది. ఆలస్యమైతే పూలవాసన పోతుంది.

చుట్టడం, ఆరబెట్టడం, కాల్చడం: ఆకును కొన్నిచోట్ల పొడవుగా మెలిపెడతారు, కొన్నిచోట్ల గుండ్రటి గింజల్లా చుడతారు. తర్వాత ఆరబెడతారు. కొన్ని రకాలను బొగ్గుల సెగ మీద వెదురు బుట్టల్లో గంటల తరబడి నెమ్మదిగా కాలుస్తారు. వేయించిన గింజల వాసన, బెల్లం పాకం లాంటి వాసన ఈ దశలో వచ్చేవే.

మల్లె, ధనియాలు, పల్లీలు: టీలో మనకు తెలిసిన వాసనలే

ఊలాంగ్‌లో వాసనకు కారణమయ్యే పదార్థాలు వందల్లో ఉంటాయి. పేర్లు కొత్తగా అనిపించినా, వాటిలో చాలా వాసనలు మన ఇంట్లో, మన పూల మార్కెట్లో ఉన్నవే.

లినలూల్: మన ధనియాల నూనెలో ప్రధానమైన పదార్థం ఇదే. తాజాగా దంచిన ధనియాల్లో వచ్చే ఆ తీపి, పూల లాంటి వాసన గుర్తుందా? అదే.

జెరానియాల్: గులాబీ వాసనకు కారణమైన వాటిలో ఇదొకటి.

ఇండోల్: చాలా తమాషా పదార్థం. ఎక్కువ మోతాదులో ఉంటే ముక్కు మూసుకోవాల్సిందే, అంత దుర్వాసన. కానీ కొద్దిగా ఉంటే మల్లె, జాజి పూలకు ఆ మత్తెక్కించే గుణం ఇచ్చేది ఇదే. ఆకును పదే పదే కుదిపినప్పుడు ఇది పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది.

జాస్మిన్ లాక్టోన్: మల్లెజాతి పూలలోనూ, మనం దండలు కట్టే లిల్లీ పూలలోనూ ఉంటుంది. పండు లాంటి తియ్యదనం, కాస్త మీగడ లాంటి మెత్తదనం కలిసిన వాసన.

నెరోలిడాల్: చెక్క వాసన, పూల వాసన కలిసినట్టుంటుంది. ఇది కూడా కుదుపుల వల్ల పెరిగేదే.

పైరజీన్లు: ఇవి పచ్చి ఆకులో ఉండవు. కాల్చినప్పుడు పుడతాయి. వేయించిన పల్లీలు, కాఫీ గింజల వాసన వెనక ఉన్నది ఈ కుటుంబమే.

వీటిలో కొన్ని తేలిగ్గా ఆవిరైపోతాయి, కొన్ని నెమ్మదిగా వస్తాయి. అందుకే వేడి కప్పులో ఒక వాసన, చల్లారాక ఇంకో వాసన. అసలు ఊలాంగ్‌ను గుర్తుపట్టడానికి ఈ మార్పే పెద్ద ఆధారం.

ఏ ఊరి ఊలాంగ్‌కి ఏ వాసన?

వుయి పర్వతాలు, ఫుజియాన్ ఉత్తరం: ఇక్కడి టీని 'రాతి టీ' అంటారు. కొండరాళ్ల మధ్య సందుల్లో పెరిగే చెట్లు, బొగ్గుల సెగ మీద కాల్చిన ఆకు. వాసనలో దాల్చినచెక్క, ఎండు పండ్లు, సెగ తగిలిన చెక్క కనిపిస్తాయి. 'రౌగ్వీ' అనే రకానికి ఆ పేరు రావడానికి కారణమే దాల్చినచెక్క వాసన. చైనా భాషలో ఆ మాటకు అర్థం కూడా అదే. ప్రపంచ ప్రసిద్ధి చెందిన 'డా హాంగ్ పావ్' ఇక్కడిదే. దాని 6 తల్లి చెట్లు కొండ చరియలో ఇప్పటికీ ఉన్నాయి. వాటిని కాపాడుకోవడానికి 2006 నుంచి వాటి ఆకు కోయడం ఆపేశారు. కాబట్టి ఎవరైనా 'తల్లి చెట్టు ఆకు' అని అమ్మితే నమ్మొద్దు. వుయి పర్వతాలకు 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది.

అన్షీ, ఫుజియాన్ దక్షిణం: ఇక్కడి 'టీగ్వాన్‌యిన్' చైనాలో ఇంటింటా తెలిసిన పేరు. కాల్చని రకంలో ఆర్కిడ్ పూల లాంటి తాజా వాసన. కాల్చిన రకంలో వేయించిన గింజలు, తేనె. అన్షీ టీ సాగు పద్ధతిని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2022లో ప్రపంచ ప్రాముఖ్యం ఉన్న వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

ఫీనిక్స్ పర్వతం, గ్వాంగ్‌డాంగ్: చావోజౌ దగ్గరున్న ఈ కొండల్లో చేసే టీ పేరు 'డాన్‌కాంగ్'. అంటే 'ఒంటి చెట్టు' అని. ఒక్కో చెట్టు వాసనను బట్టి రకానికి పేరు పెట్టారు. తేనె-ఆర్కిడ్ వాసన, గార్డెనియా వాసన, బాదం వాసన, అల్లం పువ్వు వాసన.. ఇలా చాలా ఉన్నాయి. వీటిలో ఏ పువ్వూ, ఏ బాదమూ కలపరు. ఆ చెట్టు ఆకు, చేసిన మనిషి చేతివాటం.. అంతే.

అన్నిటికంటే విచిత్రమైన పేరు 'బాతు రెట్ట వాసన'! నిజమే. కానీ ఆ టీకి అంత చక్కటి పూలవాసన ఉంటుంది. ఎవరూ తన చెట్టు కొమ్మలు ఎత్తుకెళ్లకుండా ఉండాలని ఓ రైతు కావాలనే ఈ పేరు పెట్టాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. తర్వాత దీనికి 'వెండి పువ్వు వాసన' అని మర్యాదైన పేరు పెట్టారు. అయినా జనం నోట్లో పాత పేరే నిలిచింది.

తైవాన్: 1869లో జాన్ డాడ్ అనే బ్రిటిష్ వ్యాపారి ఇక్కడి ఊలాంగ్‌ను నేరుగా న్యూయార్క్‌కు పంపడంతో ఈ దీవి టీ ప్రపంచానికి తెలిసింది. ఇప్పుడు 1,000 మీటర్ల పైన పండే టీని 'హై మౌంటెన్' ఊలాంగ్ అంటారు. అలీషాన్, లీషాన్ ప్రాంతాలు దీనికి ప్రసిద్ధి. చలి, పొగమంచు వల్ల ఆకు నెమ్మదిగా పెరుగుతుంది. కప్పులో పచ్చిపూలు, వెన్న లాంటి మెత్తటి వాసన. నాన్‌టౌ ప్రాంతపు 'డాంగ్ డింగ్' మాత్రం కాస్త కాల్చిన రకం. వేయించిన గింజలు, పండిన పండు గుర్తొస్తాయి.

పురుగు కొరికితే తేనె వాసన!

పురుగు పట్టిన పంట అంటే రైతు గుండె జారుతుంది. కానీ తైవాన్‌లోని షించు, మియావోలీ ప్రాంతాల్లో వేసవిలో టీ రైతులు పురుగు కోసం ఎదురుచూస్తారు.

అది పచ్చదోమ జాతికి చెందిన చిన్న పురుగు. మన పత్తి, వరి రైతులకు ఈ జాతి పురుగులు బాగా తెలుసు. లేత టీ ఆకు రసం పీలుస్తుంది. ఆకు పసుపుబారి ముడుచుకుంటుంది. ఆ దాడికి జవాబుగా ఆకులో కొన్ని పదార్థాలు పుడతాయి. వాటిలో హోట్రియనాల్ ఒకటి. తయారయ్యాక టీలో తేనె వాసన, పండిన ద్రాక్ష వాసన వస్తాయి. అదే ఓరియంటల్ బ్యూటీ.

ఈ టీకి స్థానికంగా 'గొప్పల టీ' అనే పేరు కూడా ఉంది. పురుగు కొరికిన ఆకును పారేయడానికి మనసొప్పక ఒక రైతు టీ చేసి పట్నం తీసుకెళ్లాడట. మంచి ధర పలికింది. ఊరికి వచ్చి చెబితే 'గొప్పలు చెప్పుకుంటున్నాడు' అని అంతా నవ్వారట. అలా పేరు నిలిచిందని చెబుతారు.

ఇందులో ఒక మెలిక ఉంది. పురుగు రావాలంటే ఆ పురుగును చంపే మందు కొట్టకూడదు. మందు కొడితే పురుగు పోతుంది, పురుగుతో పాటు తేనె వాసనా పోతుంది. పురుగు ఎక్కువైతే దిగుబడి పడిపోతుంది. ఆ మధ్య గీత మీద నడిచే రైతు కష్టమే ఈ టీ ధరలో ఎక్కువ భాగం.

మన దేశానికీ ఈ కథతో సంబంధం ఉంది. డార్జిలింగ్‌లో వేసవి మొదట్లో వచ్చే రెండో కోత టీకి 'మస్కటెల్' అనే ద్రాక్ష లాంటి వాసన పేరు తెచ్చింది. అక్కడా పచ్చదోమ జాతి పురుగులు, తామర పురుగులు ఆకును కొరకడం ఆ వాసనకు తోడ్పడుతుంది. డార్జిలింగ్‌లో, నీలగిరుల్లో కొన్ని తోటలు ఊలాంగ్ కూడా తయారు చేస్తున్నాయి. అంటే మంచి ఊలాంగ్ రుచి చూడాలంటే విదేశీ ప్యాకెట్టే కొనక్కర్లేదు.

'మిల్క్ ఊలాంగ్' అసలు కథ ఇదీ

ఊలాంగ్ కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. తైవాన్ టీ పరిశోధనా కేంద్రం 1981లో 'జిన్ షువాన్' అనే కొత్త రకం మొక్కను విడుదల చేసింది. దాని అధికారిక సంఖ్య 12. ఆ ఆకుతో చేసిన ఊలాంగ్‌లో సహజంగానే కాస్త పాలమీగడ లాంటి వాసన వస్తుంది. గట్టిగా కాదు, లీలగా. పూలవాసన వెనక దాక్కున్నట్టు ఉంటుంది.

ఈ వాసనకు గిరాకీ పెరిగింది. దాంతో ఏదో ఒక చౌక ఆకు తీసుకుని, పాల ఫ్లేవర్ పట్టించి 'మిల్క్ ఊలాంగ్' పేరుతో అమ్మడం మొదలైంది. 'ఆకును పాల ఆవిరిలో ఉడికిస్తారు', 'చెట్టుకు పాలు పోసి పెంచుతారు' అనే కథలు కూడా ప్రచారంలో ఉన్నాయి. నిజమైన జిన్ షువాన్‌కు పాలతో ఏ సంబంధమూ లేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఫ్లేవర్ కలిపిన టీ తాగడం తప్పు కాదు. ఇష్టమైతే తాగొచ్చు. కానీ ఫ్లేవర్ కలిపినప్పుడు ఆ సంగతి ప్యాకెట్ మీద ఉండాలి. మన దేశ ఆహార భద్రతా నిబంధనలు కూడా అదే చెబుతున్నాయి. రాత్రంతా మేల్కొని ఆకును కుదిపిన మనిషి పనికి ఇవ్వాల్సిన ధరను ఎసెన్స్ చుక్కకు ఇవ్వడమే అసలు నష్టం.

వాసన ఎలా చూడాలి? ఇంట్లోనే ఇలా చేయండి

చైనాలో ఊలాంగ్‌ను పరీక్షించే నిపుణులు 110 మి.లీ. మూత కప్పులో 5 గ్రాముల ఆకు వేసి, మరిగే నీళ్లు పోస్తారు. అదే ఆకుతో మూడుసార్లు.. 2 నిమిషాలు, 3 నిమిషాలు, 5 నిమిషాలు. ప్రతిసారీ ముందు మూత తీసి వాసన చూస్తారు. లోపాలు బయటపడాలని అంత గాఢంగా చేస్తారు. ఇంట్లో తాగడానికి అంత అక్కర్లేదు. కింద చెప్పినట్టు చేస్తే చాలు.

1. పొడి ఆకు: చిన్న పింగాణీ కప్పులో వేడినీళ్లు పోసి పారబోయండి. వేడిగా ఉన్న ఆ ఖాళీ కప్పులో 5 గ్రాముల ఆకు వేసి, సాసర్ మూతపెట్టి రెండుసార్లు కుదపండి. మూత కాస్త తీసి వాసన చూడండి. ఇది మొదటి ఆనవాలు.

2. మూత: 100 నుంచి 120 మి.లీ. మరిగిన నీళ్లు పోసి మూతపెట్టండి. అర నిమిషం తర్వాత మూత తీసి, దాని లోపలి వైపు వాసన చూడండి. ఆవిరితో పాటు పైకొచ్చిన వాసన అక్కడ పట్టుకుని ఉంటుంది.

3. గుటక: టీని వేరే కప్పులోకి వంచి, కొంచెం నోట్లోకి తీసుకుని శబ్దం వచ్చేలా పీల్చండి. మింగాక నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి వదలండి. గొంతు వెనక నుంచి ముక్కులోకి వచ్చే వాసన అప్పుడు తెలుస్తుంది. ముక్కు మూసుకుని ఒక గుటక తాగి చూడండి. వగరు, చేదు మాత్రమే మిగులుతాయి. మనం రుచి అనుకునేదాంట్లో ఎంత భాగం వాసనో అర్థమవుతుంది.

4. ఖాళీ కప్పు: తాగేశాక కప్పును పక్కన పెట్టేయకండి. రెండు నిమిషాలాగి అడుగున వాసన చూడండి. మంచి ఊలాంగ్‌లో తేనె, బెల్లం పాకం లాంటి వాసన ఇక్కడే బయటపడుతుంది. తైవాన్‌లో దీనికోసమే పొడవాటి సన్నటి 'వాసన కప్పు' వాడతారు.

5. తడి ఆకు: చివరగా నానిన ఆకు వాసన చూడండి. వేడిగా ఉన్నప్పుడు లోపాలు తెలుస్తాయి. పొగ, పులుపు, బూజు, మాడు ఉంటే అప్పుడే దొరికిపోతాయి. గోరువెచ్చగా అయ్యాక అసలు గుణం తెలుస్తుంది. పువ్వా, పండా, గింజా అన్నది అప్పుడు తేలుతుంది. పూర్తిగా చల్లారాక ఎంత మిగిలిందో చూడండి. చల్లటి ఆకులో కూడా వాసన నిలిచి ఉంటే అది మంచి టీ.

ఒక్కోసారి రెండు మూడు సెకన్లకు మించి పీల్చొద్దు. ఎక్కువసేపు పీలిస్తే ముక్కు అలవాటుపడిపోయి ఏమీ తెలియదు. అగరుబత్తి, పోపు వాసన, సెంటు ఉన్నచోట ఈ పరీక్ష పనికిరాదు. నీళ్లూ ముఖ్యమే. బోరు నీళ్ల లాంటి కఠిన జలంలో పరిమళం అణిగిపోతుంది. ఫిల్టర్ చేసిన నీళ్లు వాడండి.

ఏ వాసనో పేరు తట్టకపోతే కంగారు పడకండి. ఆర్కిడ్, గార్డెనియా అనే పేర్లు అక్కడివాళ్లకు తెలిసిన పూలు. మీకు సంపంగి అనిపిస్తే సంపంగే. జొన్న పేలాలు అనిపిస్తే పేలాలే. మీ జ్ఞాపకంలో ఉన్న వాసనతో పోల్చుకోవడమే సరైన పద్ధతి.

అసలుదా? కలిపిందా? ఈ 5 గుర్తులు చూడండి

ప్యాకెట్ తెరవగానే: గది నిండా పాలకోవా, చాక్లెట్ లేదా పండ్ల మిఠాయి వాసన కొడితే అనుమానించాలి. సహజ పరిమళం పొడి ఆకులో మెత్తగా ఉంటుంది. వేడి తగిలాకే విచ్చుకుంటుంది.

రెండో, మూడో నీళ్లు: అదే ఆకులో మళ్లీ మళ్లీ నీళ్లు పోయండి. మంచి ఊలాంగ్ కనీసం నాలుగైదు సార్లు పరిమళం ఇస్తుంది, ప్రతిసారీ కాస్త మారుతుంది. కలిపిన ఫ్లేవర్ మొదటి రెండుసార్లు గట్టిగా కొట్టి, తర్వాత ఒక్కసారిగా పోతుంది. కింద మిగిలేది చప్పటి టీ.

వాసన, రుచి కలుస్తున్నాయా: ముక్కుకు మీగడ, నోటికి మాత్రం వట్టి చేదు. ఇలా రెండూ వేర్వేరుగా ఉంటే వాసన బయటి నుంచి వచ్చిందనే అర్థం చేసుకోవాలి.

ఆకు: నానిన ఆకు విప్పి చూడండి. మంచి ఊలాంగ్‌లో చాలావరకు మొత్తం ఆకులు, కాడలు ఉంటాయి. అంతా తునకలు, పొడి అయితే తక్కువ రకం ఆకును వాసనతో కప్పిపుచ్చి ఉండొచ్చు.

లేబుల్: వెనక వైపు దినుసుల పట్టిక చదవండి. 'ఫ్లేవర్', 'నేచర్ ఐడెంటికల్ ఫ్లేవర్', 'ఫ్లేవర్డ్ టీ' అనే మాటలుంటే అది కలిపిందే. ప్రాంతం, కోత కాలం, రకం పేరు రాసి ఉంటే అమ్మేవాళ్లకు తమ సరుకు గురించి తెలుసని అనుకోవచ్చు.

ఒక్క గుర్తుతో తీర్పు ఇవ్వకండి. వీటిలో రెండు మూడు కలిస్తేనే నమ్మండి.

కొన్నాక ఎలా దాచాలి?

టీ ఆకు పక్కనున్న ఏ వాసననైనా పీల్చేసుకుంటుంది. మల్లె టీ చేసేది ఈ గుణంతోనే. మల్లెమొగ్గల మధ్య ఆకును ఉంచుతారు, అది వాసన పట్టేస్తుంది. ఇదే గుణం మీ వంటింట్లో శత్రువవుతుంది. పోపుల డబ్బా పక్కన పెడితే వారంలో ఊలాంగ్ కాస్తా ఇంగువ టీ అవుతుంది. గాలి చొరబడని డబ్బాలో, వెలుతురు తగలని చోట, తడికి దూరంగా పెట్టండి. మొదట 25 లేదా 50 గ్రాములే కొనడం మంచిది.

తరచూ అడిగే ప్రశ్నలు

పాలు, చక్కెర కలపొచ్చా? కలపొద్దని చట్టమేం లేదు. కానీ పాలు పోస్తే సున్నితమైన వాసనలన్నీ అణిగిపోతాయి. వాసన కోసమే డబ్బు పెట్టినప్పుడు పాలు లేకుండా తాగడమే మేలు.

ఊలాంగ్‌లో కెఫీన్ ఉంటుందా? ఉంటుంది. రాత్రి నిద్ర పట్టదు అనుకునేవాళ్లు పగలే తాగాలి.

తాగితే బరువు తగ్గుతామా? ప్యాకెట్ల మీద ఈ మాట కనిపిస్తుంది. టీ ఒక్కటే తాగి బరువు తగ్గిపోతామని ఆశపడొద్దు. ఆ మాట నమ్మి ఎక్కువ ధర పెట్టొద్దు.

ధర ఎక్కువైతే వాసన ఎక్కువా? కచ్చితంగా చెప్పలేం. పేరున్న కొండ పేరు, అందమైన డబ్బా కూడా ధర పెంచుతాయి. ఖాళీ కప్పు అడుగున మిగిలిన వాసనను నమ్మండి.

చివరగా ఒక్క మాట

2022లో చైనా సంప్రదాయ టీ తయారీ విధానాలను యునెస్కో మానవాళి అగోచర సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో ఊలాంగ్ తయారీ కూడా ఉంది. ఆ గుర్తింపు చేతి పనికి, ముక్కుతో సమయం చెప్పగలిగే నైపుణ్యానికి దక్కింది. కానీ ఆ నైపుణ్యం నిలవాలంటే జాబితాలో పేరుంటే సరిపోదు. కప్పు పట్టుకున్నవాళ్లకు తేడా తెలియాలి. తెలియకపోతే మార్కెట్లో ఎసెన్స్ గెలుస్తుంది, రాత్రంతా మేల్కొనేవాళ్లు ఆ పని మానేస్తారు.

ఈసారి ఊలాంగ్ ప్యాకెట్ చేతికొస్తే తొందరపడి తాగేయకండి. మూత వాసన, గుటక వాసన, ఖాళీ కప్పు వాసన.. మూడూ చూడండి. మూడింటిలో మూడు వేర్వేరు కబుర్లు వినిపిస్తే, మీరు పెట్టిన డబ్బు ఆకుకే చేరినట్టు.